మార్లిస్ తోటకి వచ్చిన ఊరేగింపు

ఏరా ట్రావిస్, మేనమామ వస్తే తలుపు తియ్యడానికి ఇంతసేపా? యూనివర్సిటీలో కూర్చుని గ్రాఫులు గీసి గీసి గొళ్ళెం తీసే ఓపిక కూడా పోయిందా? జరుగు, లోపలికి రానీ. ఈ సంచీ ఎవడిదిరా గుమ్మంలోనే, కాలికి తగిలింది. సర్లే. ఆ నవ్వేంటి? అవును, టైయే. నా పెళ్ళినాటిది. ముడి సరిగ్గా పడక దారి పొడుగునా పెట్రోలు బంకుల్లో అద్దాల ముందు నిలబడి కుస్తీ పట్టాను. నువ్వు రోజూ కట్టుకునేవాడివి కదా, తర్వాత సరిచేద్దువుగాని. ముందు కాఫీ పెట్టు.

టై ఎందుకో చెప్తాను. కాని ఒక షరతు. మధ్యలో పాఠం చెప్పకూడదు. పోయిన థాంక్స్‌గివింగ్ భోజనంలో ఏం చేశావో గుర్తుందా? బంగాళదుంప ముద్ద అమెరికా అన్నావు, గ్రేవీ చైనా అన్నావు, మధ్యలో బ్రెడ్డు ముక్కలతో గోడ కట్టి సుంకమంటే ఇదీ అన్నావు. గోడ తడిసి కూలి గ్రేవీ అంతా లైల్ ప్యాంటు మీదికి పోయింది. నీ ఎకనామిక్స్‌లో నాకు అర్థమైంది ఆ ఒక్కటే. ఎవరు గోడ కట్టినా ఎవడో ఒకడి ప్యాంటు తడుస్తుంది. ఈసారి తడిసింది మార్లిస్‌ది.

మార్లిస్ మా ఆవిడ డోరీన్ చెల్లెలు. అంటే నాకు మరదలు. నా ఆకతాయి పనులన్నిటికీ మొదటి బలి తనే. పెళ్ళినాడు తన కారు చక్రాల మూతల్లో గులకరాళ్ళు పోసింది నేను. తన పుట్టినరోజుకి తెల్లారేసరికి వాకిలినిండా గులాబీరంగు ప్లాస్టిక్ కొంగల్ని పాతింది నేను. తను మాత్రం ఏనాడూ అరవలేదు. కొంగల్ని ఒక్కొక్కటే పీకి, కడిగి, చర్చి వాళ్ళ పాత సామాన్ల అమ్మకంలో అమ్మేసింది. ఆ అమ్మకంలో కొన్నవాణ్ణి కూడా నేనే అనుకో, అది వేరే కథ.

కొండ మీద వాళ్ళ నాన్న పొలంలో జిన్‌సెంగ్ వేస్తుంది. నువ్వు ఊరొదిలి చాలా కాలమైంది, మర్చిపోయుంటావు. పొలమంతా గుంజలు పాతి నల్ల గుడ్డ కప్పి, నేలంతా గడ్డి పరిచి, అడవిలో ఉన్నామని ఆ మొక్కని నమ్మించాలి. శరదృతువులో విత్తనం వేస్తే నాలుగో ఏడు గాని వేరు తవ్వడానికి రాదు. తవ్వాక ఆ మట్టిలో మళ్ళీ ఆ పంట పండదు. ఒక్కసారే. మా నాన్న కాలంలోనూ అంతే, ఇప్పుడూ అంతే. కాబట్టి ఆ రైతు విత్తనం చల్లిన ప్రతిసారీ నాలుగేళ్ళ తర్వాత లోకం ఎలా ఉంటుందో పందెం కాసినట్టే. మన విస్కాన్సిన్‌లో ఎవడూ ఆ వేరు తినడు. మందని, బలమని తినేవాళ్ళంతా సముద్రానికి అవతల, చైనాలో.

క్వాక్ గారని హాంకాంగ్ వ్యాపారి ఒకాయన ఏటా వచ్చేవాడు. మార్లిస్ వంటింట్లో కూర్చుని వేరు విరిచి, కళ్ళు మూసుకుని నమిలి, తర్వాత తను కాల్చిన రూబార్బ్ పై, ఆ పుల్లటి తీపి రొట్టె, రెండు ముక్కలు తిని వెళ్ళేవాడు. వాషింగ్టన్‌లో మనవాళ్ళు చైనా ఇనుము మీద సుంకం వేశారు. వాళ్ళు తిరిగి మన వేరు మీద వేశారు. ఆ వసంతంలో క్వాక్ గారు ఫోన్ చేశాడు. ఆరోగ్యం అడిగాడు, వానల సంగతి అడిగాడు, కుక్కని అడిగాడు. చివర్లో ఈ ఏడు రావట్లేదని చెప్పాడు. మార్లిస్ ఫోన్ పెట్టేసి, ఆయన కోసం చేసిన ఆ రొట్టెని పక్కింటికి ఇచ్చేసింది. నాలుగేళ్ళ వేరు నేలలో సిద్ధంగా ఉంది. తవ్వితే కొనేవాడు లేడు. తవ్వకపోతే తెగులు ఎప్పుడు పడుతుందో తెలీదు.

ఇంకొకరైతే ఏడ్చేవాళ్ళు, లేకపోతే టీవీని తిట్టేవాళ్ళు. తను ఒకటే అనుకుంది. వాషింగ్టన్ కాంగ్రెస్ సభలో మన మెంబరు హాలరన్ చేత ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పించాలి. నలుగురి ముందు, కాలు నేలమీద ఆనించి.

హాలరన్ ఏ పార్టీ అని అడగబోతున్నావు కదూ? చెప్పను. చెప్తే ఎవర్ని చూసి నవ్వాలో తేల్చేసుకుని మిగతా కథ వినవు. మీ చదువుకున్నోళ్ళకి అదొక జబ్బు. మా కాఫీ బల్ల దగ్గరా అదే జబ్బులే, కాని మేం ఫీజు కట్టి తెచ్చుకోలేదు.

మార్లిస్ మొదట మర్యాదగానే ప్రయత్నించింది. హాలరన్ గారు జనంతో మాట్లాడతారని సాయంత్రం భోజనం వేళ ఒక యంత్రం ఫోన్ చేస్తుంది. ప్రశ్న అడగాలంటే ఫోను మీద నక్షత్రం గుర్తు నొక్కాలి. నొక్కితే ఒక అమ్మాయి వచ్చి మీ ప్రశ్న ఏంటని అడుగుతుంది. చెప్తే, చాలా మంచి ప్రశ్న, లైనులో ఉండండి అంటుంది. తర్వాత ఎవరో ఒకాయన హాలరన్ గారి కుక్క పేరు అడుగుతాడు, ఆయన నవ్వుతూ చెప్తాడు, టైమైపోతుంది. చల్లారిన కూరల ముందు మార్లిస్ ఎన్నిసార్లు నక్షత్రం నొక్కిందో. పోనీ అని వాసా ఊళ్ళో ఆయన ఆఫీసుకి వెళ్తే, అక్కడి కుర్రాడు తన మాటలన్నీ శ్రద్ధగా విని, చివర్లో హాలరన్ బొమ్మ ఉన్న ఫ్రిజ్ మాగ్నెట్ చేతిలో పెట్టి పంపాడు. తను దాన్ని పారెయ్యలేదు. ఆప్రాన్ జేబులో పెట్టుకుని తిరిగేది. ఎందుకే అంటే, "ఉండనీ, తిరిగివ్వాలి" అనేది.

లైల్ సంగతి కూడా చెప్పాలి. మార్లిస్ పక్క పొలం వాడే, కాని వాడు పనిచేసేది మంచు ఊడ్చే బ్లేడ్లు చేసే కార్ఖానాలో. సుంకం పడ్డాక వాళ్ళకి రెండో షిఫ్టు వచ్చింది. వాడి కొడుక్కి కూడా అక్కడే పని దొరికింది. అందుకని కాఫీ బల్ల దగ్గర వాడు సుంకాల గురించి మాట్లాడితే పాస్టరు ప్రసంగంలా ఉంటుంది. వాడు చెప్పేది అబద్ధం కాదురా. వాడి కొడుకు నిజంగానే పనికి పోతున్నాడు. మార్లిస్ చెప్పేదీ అబద్ధం కాదు. నీ గ్రాఫులో ఈ రెండు గీతలూ ఒకదాన్నొకటి దాటుకుని పోతాయేమో గాని, మా ఊళ్ళో ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని కాఫీ తాగాలి.

ఒకరోజు లైల్ కప్పు కింద పెట్టి తేల్చేశాడు. "నీ వేరు ఎవడో ఎక్కడో నములుతాడు మార్లిస్. నా ఇనుము మన రోడ్డు ఊడుస్తుంది."

"నీ ఇనుమొద్దని నేనన్నానా లైల్? నా కాలు తొక్కి నీకు బూట్లు కొనిపెట్టారు. బూట్లు తొడుక్కో, నాకేం బాధ లేదు. తొక్కినోడెవడో మొహం చూపించమంటున్నా, అంతే."

లైల్ చాలాసేపు స్పూను తిప్పాడు. కప్పులో చక్కెర కూడా లేదు. చివరికి, మొహం చూపించమనడంలో తప్పులేదులే అని గొణిగాడు. ఆ మాట నేను గుర్తుపెట్టుకున్నాను.

ఇక అసలు సంగతి. జులై నాలుగు స్వాతంత్ర్య దినం ఊరేగింపు సర్దేది ఎవరో నీకు తెలుసు. నేనే. చదువు సంధ్యల్లేని వాడికి ఊళ్ళో ఇచ్చిన ఒకే ఒక్క పదవి. పొద్దున్నే స్కూలు ముందు రోడ్డు మీద సుద్దతో నంబర్లు వేస్తాను, ఎవరి నంబరు మీద వాళ్ళు నిలబడాలి. ముందు లైల్ పాత ట్రాక్టరు, వెనకాల జెండాలు, పోల్కా డాన్సు పాటలు వాయించే బ్యాండు బండి, రాజకీయ నాయకులు, ఫైరింజన్, అన్నిటికంటే చివర గుర్రాలు. గుర్రాలు చివరెందుకో వాటి వెనక నడిచినవాడికి చెప్పక్కర్లేదు. ఒక్కసారి కదిలాక ఎవడూ దారి చూడడు. ముందువాడి వీపు చూసి నడుస్తాడు. చివరికి అందరూ బీరు డేరా దగ్గర ఆగుతారు. మా తాతల నాటి నుంచీ అంతే. మా ఊరివాణ్ణి ఊరేగింపు ఎక్కడ ఆగుతుందని అడుగు, పార్కులో అనడు. బీరు డేరా దగ్గర అంటాడు.

జూన్‌లో ఒక శుక్రవారం అందరం ఊళ్ళో ఫిష్ ఫ్రై విందుకి వెళ్ళాం. మార్లిస్ నా ఎదురుగా కూర్చుంది. హాలరన్ ఈసారి మన ఊరేగింపులో నడుస్తాడంట, తెలుసా అని అడిగింది. తెలుసన్నాను. చేప మీద నిమ్మకాయ పిండుకుంటూ, చాలా మామూలుగా చెప్పింది.

"నీ సంగతి తెలుసు కాబట్టి చెప్తున్నా బావా. నువ్వేం వేషాలేసినా సరే గాని, ఆ గుర్రాల్నీ, ఆ జనాన్నీ, ఆ బీరు డేరానీ నా తోట దగ్గరికి మాత్రం తోలుకురావద్దు. నా గడ్డి అంతా తొక్కి పాడుచేస్తారు."

నా నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. అప్పటిదాకా అలాంటి ఆలోచనే నాకు లేదు, ప్రమాణం చేసి చెప్తాను. తను వద్దనగానే కళ్ళముందు మొత్తం కనిపించింది. చర్చి దగ్గర పార్కు వైపు తిరగకుండా కొండ దారి పట్టిన ట్రాక్టరు. దాని వెనక బ్యాండు. బ్యాండు వెనక హాలరన్. అతని కారేమో ఊరి ఆ చివర పార్కు దగ్గర. పాపం పిచ్చిది, తనే నాకు అందించిందని లోలోపల నవ్వుకున్నాను. డోరీన్ ఎందుకా నవ్వు అంటే ముల్లు గుచ్చుకుందన్నాను.

మొదట డేరా కదలాలి. డేరా వేసేది ఫైర్ డిపార్టుమెంటు వాళ్ళు. పండగ ముందు పార్కులోని బాల్ గ్రౌండు బురదైపోయింది. వాన పడిందా అని అడక్కు. పిల్లల నీళ్ళాట కోసం గొట్టం పెట్టి, కట్టెయ్యడం మర్చిపోయిన పెద్దమనిషి ఒకడున్నాడు. ఇప్పుడు నీ కాఫీ తాగుతున్నాడు. డేరా వేసేవాళ్ళు పొడి నేల కోసం వెతుకుతుంటే, మార్లిస్ ఇంటి పక్క మేత పొలం ఉంది కదా అని నేను దారినపోతున్నవాడిలా అన్నాను. వెళ్ళి చూస్తే గడ్డి అప్పటికే కోసి చదునుగా ఉంది. నా అదృష్టం చూడరా అనుకున్నాను.

డేరా గుంజలు పాతుతుంటే మార్లిస్ బయటికొచ్చింది. ఇప్పుడు అరుస్తుందని నేను ట్రక్కు వెనక దాక్కున్నాను. నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, తాళ్ళు నల్ల గుడ్డకి తగలనివ్వకండి అని మాత్రం చెప్పి లోపలికెళ్ళింది. కొట్టం పక్కన రెండు ప్లాస్టిక్ మరుగుదొడ్లు కూడా వచ్చి ఉన్నాయి. ఇవెందుకే అంటే వేరు తవ్వే కూలీల కోసం అంది. సరే అనుకున్నాను.

తర్వాత హాలరన్ దగ్గర పనిచేసే అమ్మాయి ఫోన్ చేసింది. ఊరేగింపు ఎక్కడ ముగుస్తుందండీ అని అడిగింది. బీరు డేరా దగ్గరమ్మా, ఏటా అంతే కదా అన్నాను. ఏటా అంతేనని తనకీ ఎవరో చెప్పారట, సంతోషంగా రాసుకుంది. నేను ఒక్క అబద్ధం ఆడలేదు. నా జీవితంలో అంత నిజాయితీగా ఎవర్నీ మోసం చెయ్యలేదు.

లైల్‌ని ఒప్పించడానికే భయపడ్డాను. హాలరన్‌కి ఓటేసినవాడు, సుంకం వల్ల బాగుపడినవాడు. వాడి కొట్టంలోకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. వాడు ట్రాక్టరుకి గ్రీజు పెడుతూనే విన్నాడు. నేను కూడా నక్షత్రం నొక్కానోయ్ నార్బ్, అన్నాడు. వాడికి కూడా హాలరన్‌ని అడగాల్సింది ఒకటుందట. ఈ సుంకం వచ్చే ఏడు ఉంటుందా, పోతుందా, కొడుకు ఇల్లు కొనుక్కోవచ్చా, ఆగాలా? వాడికీ కుక్క పేరే వినిపించారట. "చర్చి దగ్గర తిప్పుతాలే" అన్నాడు.

మిగిలింది మా పోలీసాయన, డిప్యూటీ షెరీఫ్ కర్ట్. రోడ్డు అతని చేతిలో ఉంది, అతను వద్దంటే అంతా పోయినట్టే. నెల చివర్లో అతని కారు పక్కన ఆగి, ఈసారి దారి కొంచెం మారొచ్చు కర్ట్ అని నసిగాను. తెలుసు తెలుసు, వెళ్ళు అన్నాడు. వినకుండానే తల ఊపాడనుకున్నాను. ప్రభుత్వోద్యోగం కదా.

నాలుగో తారీకు ఎండ బ్రహ్మాండంగా కాసింది. హాలరన్ తెల్ల చొక్కా చేతులు మడిచి, కొత్త బూట్లతో వచ్చాడు. మనిషి బాగుంటాడురా, అది ఒప్పుకోవాలి. ముసలమ్మల చేతులు పట్టుకుంటాడు, పేర్లు గుర్తుపెట్టుకుంటాడు. బకెట్లోంచి పిల్లలకి చాక్లెట్లు విసురుతూ నడిచాడు. చర్చి దగ్గరికి వచ్చేసరికి నేను మెడ సాచాను. చూస్తే కర్ట్ అప్పటికే పార్కు దారికి అడ్డంగా చెక్కలు పెట్టేసి, కొండ వైపు చెయ్యి ఊపుతున్నాడు. మళ్ళీ నా అదృష్టమే అనుకున్నాను. లైల్ ట్రాక్టరు తిరిగింది. బ్యాండు తిరిగింది. బ్యాండు వీపు చూసుకుంటూ హాలరన్ తిరిగాడు.

కొంత దూరం పోయాక అనుమానం వచ్చింది. తన దగ్గర పనిచేసే ఆ ఫోను అమ్మాయి వచ్చి చెవిలో ఏదో చెప్పింది. కాని ముందు పోల్కా, వెనక సైరను మోగిస్తూ ఫైరింజన్, దాని వెనక మడత కుర్చీలు చంకలో పెట్టుకుని డేరా వైపు నడుస్తున్న ఊరు ఊరంతా. జులై నాలుగున పిల్లలందరూ చూస్తుండగా ఊరేగింపులోంచి పారిపోయిన నాయకుడు అమెరికాలో ఇంకా పుట్టలేదు. నవ్వు చెదరకుండా నడిచాడు. దారి పక్కన జనం లేకపోయినా చెయ్యి అలవాటు మానలేదు, కంచె దగ్గరున్న ఆవులకి కూడా చాక్లెట్లు విసిరాడు.

డేరా దగ్గరికి వచ్చాక అతని చేతిలో బీరు పెట్టి, బ్యాండు బండి ఎక్కించాం. వెనక ఫైరింజనూ గుర్రాలూ దారి నిండా ఆగిపోయాయి, కారొచ్చే వీల్లేదు. మైకు పట్టుకుని ఒక జోకు వేశాడు. జనం నవ్వారు. ఇంకొకటి వేశాడు. అప్పుడు మార్లిస్ వచ్చింది. చేతిలో తవ్వే ఫోర్కు, ఇంకో చేతిలో అప్పుడే తవ్విన వేరు, మట్టి ఇంకా రాలుతోంది. ఆప్రాన్‌కి తుడిచి, చిన్న ముక్క విరిచి అతనికిచ్చింది.

"మా పంటండీ. నమలండి."

అందరూ చూస్తున్నారు. నోట్లో వేసుకున్నాడు. ఆ వేరు మొదట ఎంత చేదో నీకు తెలుసు. ఉమ్మేస్తే పత్రికవాళ్ళు ఫొటో తీస్తారు, మింగుదామంటే దిగదు. పక్కనే వాసా పత్రిక నుంచి వచ్చిన అమ్మాయి కెమెరా పట్టుకుని నిలబడింది. ఆ పిల్ల ఎలా వచ్చిందో కూడా నేను ఆలోచించలేదు.

"మెల్లగా నమలండి, తొందరేం లేదు. మీరు నమిలేలోగా నేను మాట్లాడతా" అంది మార్లిస్. "ఇది నాలుగేళ్ళు నేలలో ఉంది. నాలుగేళ్ళ కిందట దీన్ని వేసినప్పుడు దీని మీద సుంకం లేదు. తవ్వే టైముకి ఉంది. ఆ సుంకం మీద మీ సభలో ఎవరూ చెయ్యెత్తలేదు. ఎవరు ఎటో మాకు తెలీదు. ఒకరు సంతకం పెట్టారు, మీరంతా మౌనంగా ఉన్నారు. ఇకనుంచి సుంకం వెయ్యాలన్నా తియ్యాలన్నా మీ సభలో ఓటుకి రావాలని ఒక బిల్లుంది. దానికి మీరు అవునా, కాదా?"

హాలరన్ చేదు మింగాడు. నష్టపోయిన రైతులకి పరిహారం పంపించే విషయంలో తనెంత పోరాడాడో చెప్పడం మొదలుపెట్టాడు.

"డబ్బడగలేదండీ. అవునా, కాదా అనడిగా."

అది చాలా చిక్కు విషయమన్నాడు. దేశ భద్రతన్నాడు, బేరం సాగుతున్నప్పుడు మన చేతిలో ముక్కలు చూపించకూడదన్నాడు. మార్లిస్ అంతా విని, తల ఊపి, అదే ప్రశ్న, అదే గొంతుతో మళ్ళీ అడిగింది. ఇంకోసారి కూడా అడిగింది. గొంతు పెంచలేదు, దించలేదు. నాలాంటివాడు కూడా ఒక్క చెణుకు విసరలేదంటే చూసుకో. హాలరన్ దగ్గర పనిచేసే అమ్మాయి టైమైపోయిందని చెప్పబోయింది. హాలరన్ బండి కింద చూశాడు. ముందు వరసలో ట్రాక్టరు దిగి నిలబడిన లైల్ కనిపించాడు. నెత్తి మీద కార్ఖానా టోపీ. హాలరన్ మొహం వికసించింది. ఇదిగో, ఈయన్నడగండి, సుంకాలవల్ల ఈయన కుటుంబం ఎలా ఉందో అన్నాడు.

లైల్ టోపీ తీశాడు.

"బాగానే ఉన్నాం సార్. నాకు సుంకం కావాలి. ఆవిడకి వద్దు. కాని నా ప్రశ్న కూడా ఆవిడదే. పొద్దున పెట్టి సాయంత్రం తీసేస్తే నా కొడుకు ఇల్లెలా కొంటాడు? కావాలంటే కావాలని చెయ్యెత్తండి. వద్దంటే వద్దని ఎత్తండి. చేతులు జేబులో పెట్టుకోడానికి మిమ్మల్ని అంతదూరం పంపలా."

అప్పుడు చప్పట్లు మొదలయ్యాయి చూడు. మార్లిస్ వైపు వాళ్ళూ కొట్టారు, లైల్ వైపు వాళ్ళూ కొట్టారు. ఏ వైపు చూసినా తనవాళ్ళు కనపడక హాలరన్ మొదటిసారి మైకు దించాడు. దించి, మామూలు మనిషి గొంతుతో, అవును, ఆ బిల్లు మీద నా పేరు పెడతాను, ఓటుకి రమ్మని అడుగుతాను అన్నాడు. పత్రిక అమ్మాయి మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాడు.

మార్లిస్ ఆప్రాన్ జేబులోంచి మాగ్నెట్ తీసి అతని చేతిలో పెట్టింది. "ఇది మీ ఫ్రిజ్‌కి పెట్టుకోండి. రోజూ కనపడితే గుర్తుంటుంది. సాసేజ్‌లు తిని వెళ్ళండి, వేడిగా ఉన్నాయి."

సాయంత్రం ఎండ తగ్గాక డేరా దగ్గర సీసాలు ఏరుతూ నేను నెమలిలా తిరుగుతున్నాను. హాలరన్‌నీ, అతని దగ్గర పనిచేసే అమ్మాయినీ, బీరు డేరానీ, మొత్తం ఊరినీ నా సుద్దముక్కతో తిప్పేశానని కనపడ్డ ప్రతివాడికీ చెప్పుకుంటున్నాను. కర్ట్ చెక్కలు కారులో వేసుకోవడానికి వచ్చాడు. చాలా థాంక్స్ కర్ట్, ఆఖరి నిమిషంలో భలే సాయం చేశావన్నాను. అతను వింతగా చూశాడు. ఆఖరి నిమిషమేంటి, ఈసారి ఊరేగింపు కొండ దారిన వస్తుందని మార్లిస్ మే నెలలోనే చెప్పింది కదా అన్నాడు.

మే నెలలో.

నాకు ఆలోచన తట్టింది జూన్‌లో. ఫిష్ ఫ్రై దగ్గర. నోట్లో ముద్ద ఉండగా.

వెనక్కి తిరిగి చూశాను. కోసి పెట్టిన మేత పొలం. మార్లిస్ ఫోన్ చేసి పిలిస్తే వచ్చిన పత్రిక అమ్మాయి. కొట్టం పక్కన వేరు తవ్వే కూలీల కోసం తెప్పించిన రెండు మరుగుదొడ్లు, వాటి ముందు ఊరంతా వరస కట్టి నిలబడి ఉంది. తవ్వేది శరదృతువులో కదా, జులైలో జిన్‌సెంగ్ ఎవడు తవ్వుతాడ్రా? పుట్టినప్పటి నుంచి ఈ కౌంటీలో ఉన్నవాణ్ణి, ఆ మాట నాకు తట్టలేదు. వెళ్ళి మార్లిస్ ఎదురుగా నిలబడ్డాను. తను బల్ల తుడుస్తోంది. చెయ్యమని నేరుగా అడగొచ్చు కదే అన్నాను.

"అడిగితే చేస్తావా బావా? ఎప్పుడైనా చేశావా? అందుకే వద్దన్నా" అంది, బల్ల తుడవడం ఆపకుండానే.

అదిరా సంగతి. హాలరన్ మాట నిలబెట్టుకున్నాడు, పేరు పెట్టాడు. కాని ఆ బిల్లు ఏదో కమిటీలో పడి నిద్రపోతోంది, లేపేవాడు లేడు. మార్లిస్ మాత్రం కూర్చోలేదు. శరదృతువులో సగం తోట తవ్వింది, సగం ఇంకో ఏడాది ఉండనీ అని ధైర్యం చేసింది. కొత్త నేల చదును చేసి మళ్ళీ విత్తనం చల్లింది. లైల్ వచ్చి గుంజలు పాతాడు. క్వాక్ గారు ఇంకా ఫోన్ చెయ్యలేదు. చెయ్యకపోయినా నాలుగేళ్ళ పందెం మళ్ళీ కాసింది.

పోయిన వారం మా ఇంటికొచ్చింది. తనూ, లైలూ, ఇంకొందరు రైతులూ వాషింగ్టన్ వెళ్తున్నారట. ఆ బిల్లు బయటికి తీసేదాకా హాలరన్ ఆఫీసు గుమ్మంలో కూర్చుంటారట. డోరీన్‌తో ఆ మాటా ఈ మాటా మాట్లాడి, వెళ్తూ వెళ్తూ నా వైపు తిరిగింది. "నువ్వు మాత్రం రావద్దు బావా. అక్కడ నీలాంటోడు నోరు తెరిస్తే మా పరువు పోద్ది. టై కట్టుకోడం కూడా రాదు నీకు."

నాకా? టై కట్టుకోడం రాదా? ఆ రాత్రే పెట్టె తీసి వెతికాను. ఇదిగో, మెడలో ఉంది. నా ట్రక్కు షికాగో కూడా దాటదు, అందుకే నీ దగ్గరికొచ్చాను. కారు నువ్వు నడుపు. అక్కడ హాలరన్ ముందు నీ బంగాళదుంపా గ్రేవీ బొమ్మ గీద్దువుగాని, ఈసారి దానికి పనుంది. తనకి తెలీకుండా మనిద్దరం ముందే వెళ్ళి ఆ గుమ్మంలో కూర్చుంటాం. మార్లిస్ వచ్చి చూసి నోరెళ్ళబెట్టాలి. ఈసారి మోసపోయేది తనే.

ఎందుకురా నవ్వుతున్నావు? కాఫీ ఒలికిపోతోంది, ముందు కప్పు కింద పెట్టు. గుమ్మంలో నా కాలికి తగిలిన ఆ సంచీ నీదేనా? ఎక్కడికి ప్రయాణం? మార్లిస్ ఫోన్ చేసిందా? ఎప్పుడు? ఏమంది?

ఏంటీ, మీ మామ వస్తే కారు ఎక్కించుకోవద్దని నీకు కూడా చెప్పిందా?